టేపు ఎవరి చేతిలో

మా డాక్టరుగారు మందుల చీటీ చివర ఎప్పుడూ ఒకే మాట రాస్తారు: వాకింగ్. ఎంతసేపు, ఎంత వేగంగా, తిన్నాకా తినకముందా, మోకాలు పట్టేస్తే ఏం చెయ్యాలి, అవేవీ ఉండవు. మాత్రకైతే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని లెక్క ఉంటుంది. నడకకు లేదు. మా పార్కులో పొద్దున్నే తిరిగేవాళ్లంతా ఎవరి లెక్క వాళ్లు వేసుకుని తిరుగుతున్నవాళ్లే. ఒకాయన అయితే చేతులు చరుచుకుంటూ వెనక్కి నడుస్తాడు. ఎందుకని అడిగే ధైర్యం ఇంతవరకూ చెయ్యలేదు.

ఆస్ట్రేలియాలో ఆ లెక్క చెప్పడానికే ఒక చదువుంది, క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ అని. నాలుగేళ్ల డిగ్రీ. షుగరున్న మనిషికి, స్టెంటు పడ్డ మనిషికి, కిడ్నీ దెబ్బతిన్న మనిషికి, కీమో నడుస్తున్న మనిషికి ఏ వ్యాయామం, ఎంత మోతాదులో, ఎక్కడ ఆపాలి అన్నది వీళ్లు తేలుస్తారు. అటు ఫిజియోథెరపిస్టులూ కారు, ఇటు జిమ్ మాస్టార్లూ కారు. 2006లో అక్కడి సర్కారీ వైద్య బీమా మెడికేర్ వీళ్లను తన పద్దులో చేర్చుకుంది. దీర్ఘరోగం ఉన్నవాళ్లకు డాక్టరు ప్లాను రాసిస్తే, ఇలాంటి అనుబంధ వైద్యులందరి దగ్గరా కలిపి ఏడాదికి 5 సార్లు చూపించుకోవడానికి సర్కారు డబ్బిస్తుంది. ఐదంటే ఐదే. మన పెద్దవాళ్లకు మోకాళ్ల కథ మొదలుపెట్టడానికే అవి చాలవు.

ఈ చదువులోకి అక్కడి మూలవాసుల పిల్ల ఒకతె వచ్చి కూర్చుందనుకుందాం. పేరు పెట్టను. ఆబొరిజినల్ ప్రజలు, టోరెస్ జలసంధి ద్వీపవాసులు కలిసి ఆ దేశ జనాభాలో నూటికి నలుగురు లేరు. టైప్ 2 షుగరు మాత్రం వాళ్లలో మిగతావాళ్లకన్నా దాదాపు 3 రెట్లు. ఆయుర్దాయం 8 ఏళ్లకు పైగా తక్కువ. కాబట్టి క్లాసులో తెరమీద పడే ప్రతి పటంలోనూ అన్నిటికన్నా పొడుగు గీత ఆ పిల్ల ఇంటివాళ్లదే. లెక్చరరు దాన్ని 'హై రిస్క్ పాపులేషన్' అంటాడు. ఆ పిల్లకు కనపడేది వారానికి మూడు రోజులు డయాలసిస్ కుర్చీలో కూర్చునే మేనత్త.

ఇంతవరకూ అయ్యో అనుకోవడం తేలికే. నన్ను పట్టుకున్న సంగతి వేరు. ఈ శాస్త్రం అంతా కొలతలు. నడుము చుట్టుకొలత, చర్మం మడత, ఊపిరి, నాడి, నిమిషానికి ఎంత ప్రాణవాయువు పీలుస్తున్నాడు, చేతి పట్టు ఎన్ని కిలోలు. అవతల ఆ పిల్ల పూర్వీకులేమో ప్రపంచంలో బాగా కొలవబడ్డవాళ్లలో ముందు వరసవాళ్లు. చలికి ఒళ్లు ఎలా తట్టుకుంటుంది అనే పాఠం తీస్తే వాళ్లే ఉంటారు. 1930లలో అడిలైడ్ విశ్వవిద్యాలయపు ఫిజియాలజీ ప్రొఫెసర్ స్టాంటన్ హిక్స్ మధ్య ఆస్ట్రేలియా ఎడారికి వెళ్లి వాళ్ల ఒంటి వేడి, జీవక్రియ కొలిచాడు. తర్వాత స్కొలాండర్ అనే శాస్త్రవేత్త బృందం 1958లో అచ్చువేసిన పరిశోధన ఆ పాఠానికి మూలస్తంభం. గడ్డకట్టే చలి రాత్రి, బట్టల్లేవు, కొమ్మలు అడ్డం పెట్టుకుని పక్కన చిన్న చిన్న నెగళ్లు. పోల్చి చూడటానికి వెళ్లిన తెల్లవాళ్లు వణుకుతూ రాత్రంతా జాగారం చేశారు, వాళ్ల ఒళ్లు ఇంధనం ఎక్కువ మండించింది. ఎడారి మనుషుల చర్మం చల్లబడింది, జీవక్రియ పెరగలేదు, వాళ్లు హాయిగా నిద్రపోయారు. గొప్ప పరిశోధన, నాకేం అనుమానం లేదు. అందులో కొలిచినవాళ్లకు పేర్లున్నాయి. నిద్రపోయినవాళ్లు 'సబ్జెక్టులు'.

మనకు ఈ రుచి తెలియనిదేం కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కాలిపర్లు పట్టుకుని మద్రాసు ప్రెసిడెన్సీ అంతా తిరిగి మనవాళ్ల తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు వచ్చాయి. కులాల వివరాల కోసం ఇప్పటికీ వాటిని తిరగేస్తాం, మన తాతల ముక్కు వెడల్పు పట్టిక కనపడగానే గబుక్కున పేజీ తిప్పేస్తాం.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం సంగతి ఇంకా చిత్రం. ఆస్ట్రేలియాలో విశ్వవిద్యాలయ పట్టా అందుకున్న తొలి మూలవాసి మార్గరెట్ విలియమ్స్-వియర్. 1959లో, మెల్‌బోర్న్‌లోనే. ఏ చదువో ఊహించండి, ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా. లాయరో డాక్టరో అనుకుంటాం, కాదు. ఆ తలుపు మొదట తెరుచుకున్నది ఒంటి చదువుకే. ఆవిడ అక్కడ కండరాల గురించి, కీళ్ల గురించి చదువుతున్న రోజుల్లోనే అదే విశ్వవిద్యాలయపు అనాటమీ శాఖలో ముర్రే నది ఒడ్డు సమాధుల్లోంచి తవ్వి తెచ్చిన వందలాది ఆబొరిజినల్ మనుషుల ఎముకలు ఉన్నాయి. గుండిట్జ్‌మారా తెగ పెద్దమనిషి జిమ్ బెర్గ్ 1984లో కోర్టుకెక్కిన తర్వాతే అవి కదిలాయి. ఆవిడ పట్టా పుచ్చుకున్నాక పాతికేళ్లకు.

ఆ పిల్లకు ఇంకో ఉచ్చు ఉంది. ఇది పొగడ్త రూపంలో వస్తుంది. మీవాళ్లకు పరుగు పుట్టుకతోనే వస్తుందిగా, అంటారు. ఆబొరిజినల్ పరుగుల మనిషి కాథీ ఫ్రీమన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు 49.11 సెకన్లలో పరుగెత్తిన రాత్రి గుర్తున్నవాళ్లకు ఆ మాట తప్పనిపించదు. కానీ పుట్టుకతో వచ్చేదైతే చదవడమెందుకు? మైదానంలో కాళ్లకు చప్పట్లు కొట్టేవాళ్లే, ల్యాబులో తల పైకెత్తి ప్రశ్న అడిగితే ఆశ్చర్యపోతారు. ఆబొరిజినల్ నాయకుడు చార్లెస్ పెర్కిన్స్‌కు రెండూ అనుభవమే. ఆలిస్ స్ప్రింగ్స్‌లో పుట్టాడు, ఫుట్‌బాల్ ఆడి సంపాదించాడు, 1965లో ఆబొరిజినల్ హక్కుల కోసం ఫ్రీడమ్ రైడ్ బస్సుయాత్ర నడిపించాడు, 1966లో సిడ్నీ విశ్వవిద్యాలయం పట్టా తీసుకున్నాడు. 1972లో కిడ్నీ మార్పిడి జరిగింది, 2000లో కిడ్నీలే తీసుకుపోయాయి. షుగరు, గుండెజబ్బు, ఊబకాయం మీద పరిశోధన చేసే అక్కడి పెద్ద కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరుంది.

ఆ పిల్ల చదివే పేపర్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. కెరిన్ ఓడీ అనే పోషకాహార శాస్త్రవేత్త పశ్చిమ ఆస్ట్రేలియాలోని డర్బీ దగ్గర షుగరున్న పదిమంది ఆబొరిజినల్ పెద్దవాళ్లను వాళ్ల సొంత గడ్డ మీదికి ఏడు వారాలు పంపింది, 1984లో ఫలితం అచ్చయింది. వేటాడారు, చేపలు పట్టారు, దుంపలు తవ్వుకు తిన్నారు. తలా 8 కిలోల దాకా తగ్గారు. పరగడుపు షుగరు మన లెక్కలో చెబితే 209 నుంచి 119కి దిగింది. పనిచేసే కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఆగకుండా రక్తంలో చక్కెరను లాక్కుంటుందని పుస్తకం చెబుతుంది. ఇక్కడ తిండీ మారింది కాబట్టి ఘనత అంతా కండరానికే ఇవ్వలేం. అయినా ఆ ఏడు వారాల్లో ఎవరూ వ్యాయామం చెయ్యలేదు. అన్నం కోసం నడిచారు. దీన్ని 'జీవనశైలి' అని ఒక ముక్కలో చుట్టేస్తారు గానీ, అది వాళ్ల భూమి. ఎక్కడ ఏ దుంప ఉందో తెలిసినవాళ్లు కాబట్టి తవ్వగలిగారు. భూమి పోయిన మనిషికి ట్రెడ్‌మిల్ మీద రోజుకు 30 నిమిషాలు అని రాసివ్వడంలో ఉన్న వెలితిని ఆ పిల్లకు ఎవరూ వివరించక్కర్లేదు.

చదువు ఖర్చు గురించి రెండు మాటలు. పట్టాకు ముందు రోగుల మధ్య 360 గంటలు పని నేర్చుకోవాలి. జీతం ఉండదు. 2025 జులై నుంచి అక్కడి ప్రభుత్వం ఇలాంటి పనికాలానికి భత్యం ఇస్తోంది, కానీ టీచర్, నర్సు, మంత్రసాని, సోషల్ వర్క్ కోర్సులవాళ్లకే. ఈ కోర్సు ఆ జాబితాలో లేదు. మధ్యలో ఊళ్లో ఒక చావు. ఆ సంతాప ఆచారాన్ని వాళ్లు 'సారీ బిజినెస్' అంటారు. దూరపు చుట్టమైనా వెళ్లాలి, రోజుల తరబడి ఉండాలి. పెద్దకర్మ దాకా కదలకూడదన్న ఇళ్లలో పెరిగిన మనకు ఇది అర్థమవుతుంది. హాజరు పట్టీకి అర్థం కాదు.

పనిలో దిగాక మాత్రం ఆ పిల్ల చేతిలో ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటుంటుంది. వాళ్ల భాషలో 'యార్నింగ్', మన భాషలో అరుగు మీద కబుర్లు. ఇవాన్ లిన్, షార్మెయిన్ గ్రీన్, డాన్ బెస్సరాబ్ 2016లో దాన్ని వైద్యానికి ఒక పద్ధతిగానే రాశారు. ముందు ఎవరివాళ్లం, ఏ ఊరు అన్న కబురు. తర్వాత జబ్బు కబురు. ఆ తర్వాతే ఏం చేద్దాం అన్న కబురు. పెద్దావిడను ఆ పిల్ల 'ఆంటీ' అని పిలుస్తుంది. మన అపార్టుమెంట్లలో ఆ పిలుపుకు తలుపులు మూసుకుంటాయి, అక్కడ అది గౌరవ బిరుదు.

ఇప్పుడు ఆరు నిమిషాల నడక పరీక్ష నా కళ్లముందు ఇలా జరుగుతుంది. 30 మీటర్ల వరండా, రెండు చివర్లా రెండు కోన్లు, స్టాప్‌వాచ్. నియమాలు కచ్చితం. పక్కన నడవకూడదు. నిమిషానికోసారి, కాగితం మీద రాసిపెట్టిన వాక్యమే చెప్పాలి, ఇంకో మాట కలపకూడదు. రోగి ఆగవచ్చు, గోడకు ఆనుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. నాలుగో నిమిషంలో ఎదురుగా ఎవరో వస్తారు. ఆంటీ ఆగుతుంది. మీదే ఊరు, ఎవరి మనవడివి అని మొదలవుతుంది. వాచీ తిరుగుతూనే ఉంటుంది, పిల్ల నోరు విప్పదు. గంట మోగాక టేపు పరిచి కొలుస్తుంది, ఆంటీయే రెండో కొస పట్టుకుంటుంది. దూరం రాసే గడిలో వచ్చినంత అంకె వేసి, కింద రిమార్కుల గడిలో ఆ పిల్ల రాస్తుంది: నాలుగో నిమిషంలో 40 సెకన్లు ఆగింది. ఆయాసం వల్ల కాదు, చుట్టం కనపడితే.

— పాదచారి