వ్రేళ్ళు మరువని తెలుగు

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల మన కుటుంబాలలో చాలకాలంగా వింటున్న మాట ఒకటున్నది: “పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు” అని. తమిళ లిపికి అలవాటుపడిన కంటికి తెలుగు అక్షరం కొత్తగానే తోస్తుంది.

చూపులేని బిడ్డ సంగతి మాత్రం వేరు. ఈ విశేషాన్ని మనలో చాలమంది గమనించలేదు.

బ్రెయిల్ లిపిలో ఒక్కొక్క గడికి ఆరు చుక్కలు. ఎడమ ప్రక్క పైనుండి 1, 2, 3; కుడి ప్రక్క 4, 5, 6. మన దేశంలో 1951లో భారతి బ్రెయిల్‌ను అంగీకరించినప్పుడు అక్షర రూపాన్ని బట్టి గాక ధ్వనిని బట్టి చుక్కలు నిర్ణయించారు. అందువల్ల తెలుగు ‘క’కూ తమిళ ‘క’కూ గుర్తు ఒక్కటే: 1, 3 చుక్కలు. మన రెండు ఊళ్ళ పేర్లకూ మొదట ఉన్న ‘తిరు’నే చూడండి. తకారానికి 2, 3, 4, 5. గుడికి 2, 4. రకారానికి 1, 2, 3, 5. కొమ్ముకు 1, 3, 6. తెలుగులో వ్రాసినా తమిళంలో వ్రాసినా ఈ నాలుగు గడులే. తమిళ బ్రెయిల్ వచ్చిన బిడ్డ కొత్తగా నేర్వవలసినవి గ, ద, బ వంటివీ, ఖ, ఘ వంటి ఒత్తక్షరాలూ, మరికొన్ని గుర్తులూ మాత్రమే.

ఇప్పుడు కంప్యూటరు, ఫోనులలోని మాటలను చుక్కలుగా చూపే పరికరాలు ఉన్నాయి. సన్నని మొనలు పైకి లేస్తూ దిగుతూ ఉంటే వ్రేలితో తడిమి చదువుకుంటారు. ఈ మార్పిడికి ‘లిబ్‌లూయీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. లూయీ బ్రెయిల్ జ్ఞాపకార్థం పెట్టిన పేరది. తెరను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. కూడ దానినే వాడుకుంటుంది. ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే పట్టిక అందులో భాషభాషకూ ఉంటుంది. తెలుగుకూ ఉన్నది, తమిళానికీ ఉన్నది.

చిక్కల్లా చుక్కలను తిరిగి అక్షరాలుగా మార్చేటప్పుడే. బిడ్డ 1, 3 చుక్కలు నొక్కితే అది ఏ భాష ‘క’యో యంత్రం ఎరుగదు. సెట్టింగులలో భాషను మనమే ఎంచి చెప్పాలి. లేకుంటే తాతగారికి తెలుగులో వ్రాసిన జాబు తమిళ అక్షరాలలో చేరుతుంది!

కనుక అట్టి బిడ్డలున్న ఇండ్లవారికి మా మనవి: తమిళ బడికి పంపినంత మాత్రాన తెలుగు చదువు పోయిందనుకోకండి. తెలుగు పట్టికను ఎంచి ఇవ్వండి. ఆ నాలుగు కొత్త గుర్తులూ ప్రక్కన కూర్చుని నేర్పించండి. పరికరం ఖరీదైనదే, అది కొనలేనివారు కాగితపు బ్రెయిల్‌తోనే ప్రారంభించవచ్చు. చూపున్న పిల్లలకు రెండవ లిపి నేర్పే భారం మాత్రం మనపై అలాగే ఉన్నది.