నల్లని చతురస్రము

తెల్లని పటముపై ఒక నల్లని చతురస్రము: ఇంతియే ఆ చిత్రము. దీనిని చూచినవారిలో పెక్కుమంది, "ఇది పసివాడైనను గీయగలడు, ఇందు కళ యేమున్నది?" అని నవ్వుదురు. ఆ ప్రశ్న ఉపేక్షింపదగినది కాదు.

ఈ చిత్రమును రచించినవాడు కీవ్ నగరమున జన్మించిన కజిమీర్ మలేవిచ్. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ నగరమున జరిగిన ప్రదర్శనలో, రెండు గోడలు కలియు మూలను, పైకప్పు చెంత దీనిని అమర్చెను. రష్యా దేశపు ఇండ్లలో పూజాచిత్రములనుంచు స్థానమది. చెట్టును గాని, ముఖమును గాని అనుకరింపకయే చిత్రము నిలువగలదని అతని వాదము.

నెదర్లాండ్స్ దేశస్థుడైన పీట్ మోండ్రియన్ తొలుత చెట్లను, గాలిమరలను చిత్రించినవాడే. క్రమముగా అతని చేతిలో కొమ్మలు రేఖలయ్యెను. 1920వ దశకమున అతడు నిలువు గీతలను, అడ్డగీతలను, ఎరుపు, పసుపు, నీలి రంగులను, వానితోపాటు నలుపు, తెలుపు, బూడిద వన్నెలను మాత్రమే గ్రహించెను. 1930లో రచించిన ఒక చిత్రమున పెద్ద ఎఱ్ఱని చతురస్రము కుడివైపు పైభాగము నాక్రమించియుండును. ఎడమవైపు అడుగున చిన్న నీలిభాగము, కుడివైపు అడుగున అంతకంటె చిన్న పసుపుభాగము కలవు. అయినను త్రాసు ఒరగదు. నీలిభాగమును చేతితో కప్పి చూడుడు. ఆ పొందిక చెదరును. పసివాడు గీత గీయగలడు. ఈ తూనిక తూచగలడా?

కందపద్యమున ఐదు విధముల గణములే చెల్లును. ఆ నియమములోనే మన కవులు వేలకొలది పద్యములు పలికిరి. హద్దు నెఱిగి పనిచేయు చేతికి పరిమితియే బలమగును.

అట్లని ప్రతి చతురస్రమును కళ కాదు. ఇట్టి చిత్రములు అందఱకును నచ్చవలెనను నియమమును లేదు. కాని నచ్చకుండుట వేఱు, అణచివేయుట వేఱు. 1930లో సోవియట్ ప్రభుత్వము మలేవిచ్‌ను నిర్బంధించెను; అతని చతురస్రము దశాబ్దములపాటు ప్రజల కంట బడలేదు. 1937లో మ్యూనిక్ నగరమున నాజీలు నవీన చిత్రములను పరిహాసమునకై ప్రదర్శించిరి. ఆ ప్రభుత్వములు గతించినవి. చతురస్రము నేడు మాస్కోలోని ట్రెత్యకోవ్ చిత్రశాలకు చెందియున్నది.

విద్యార్థులారా! తెలియనిదానిని చూచి నవ్వుట సులభము. నవ్వుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. అటుపిమ్మట నచ్చలేదని చెప్పుటకు మీకు పూర్తి హక్కు కలదు.