రాజగృహము, రచ్చబండ

రాజ్యములు పోయినను రాజుల కబుర్లు పోలేదు. 1947 ఆగస్టులో లండను ప్రభుత్వము మన నెత్తినుండి దిగినది. 1950 జనవరి 26వ తేదీన మన దేశము గణతంత్రమగుటతో బ్రిటిషు కిరీటముతో మనకు మిగిలియున్న రాజ్యాంగ సంబంధమును తెగిపోయినది. అయినను ఆ కిరీటపు టింట ఎవరు ఎవరితో మాటలాడుటలేదో, ఎవరి ముఖము పాలిపోయినదో, ఏ కోడలు ఏ తోడికోడలిని చూచి మొగము త్రిప్పుకొనినదో తెలిసికొనవలెనను కుతూహలము మన యిండ్లలో నేటికిని తఱుగలేదు. ఈ కుతూహలమును గూర్చి కొన్ని మాటలు నిర్మొగమాటముగా చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

2024 జనవరి 17వ తేదీన వేల్సు యువరాణి కేథరిన్‌కు ఉదర శస్త్రచికిత్స జరిగినదనియు, ఈస్టరు పండుగ గడచువఱకు ఆమె బహిరంగ కార్యక్రమములకు రాకపోవచ్చుననియు కెన్సింగ్టన్ ప్రాసాదము ప్రకటించెను. అంతటితో మాట ముగియవలసినది. రోగి మంచముమీద నున్నది, వైద్యులు చూచుచున్నారు, ఎప్పుడు తిరిగి వచ్చునో చెప్పియే యున్నారు. కాని వారములు గడచినకొలది లోకమంతయు ఒక రచ్చబండ యయ్యెను. ఆమె యేమైనదని కొందఱు, ఆమె దాంపత్యమేమైనదని కొందఱు, బొమ్మలో కనుపించునది అసలామెయే కాదని మఱికొందఱు. ఆ వదంతులను మేమిచట తిరిగి వ్రాయము. ఖండించుటకై యుచ్చరించినను వానికి మఱియొక దినము ఆయువు పోసినవారమగుదుము.

ప్రాసాదము వారి తప్పు లేదని మేమనుటలేదు. మార్చి 10వ తేదీన, ఇంగ్లండులో మాతృదినోత్సవమునాడు, పిల్లలతో కూడిన యువరాణి ఛాయాచిత్రమొకటి వెలువడెను. దానిని దిద్దియున్నారని కనిపెట్టి రాయిటర్సు, అసోసియేటెడ్ ప్రెస్సు మొదలగు వార్తాసంస్థలు దానిని ఉపసంహరించుకొనెను. తాను అప్పుడప్పుడు చిత్రములను దిద్ది చూచుచుందునని మఱునాడు యువరాణి చెప్పి, కలిగిన గందరగోళమునకు క్షమాపణ కోరెను. దిద్దిన చిత్రమును వార్తగా పంపుట తప్పే. పత్రికలు దానిని తిరస్కరించుట ఒప్పే. అది పత్రికల ధర్మము. కాని ఆ యొక్క చిత్రమును ఆధారము చేసికొని ఆమె సంసారమునే శవపరీక్ష చేయుట ఏ ధర్మము?

మార్చి 22వ తేదీన యువరాణియే తెరమీదికి వచ్చి, తనకు క్యాన్సరు వ్యాధి బయటపడినదనియు, చికిత్స జరుగుచున్నదనియు, ఆ సంగతిని ముగ్గురు పిల్లలకును నచ్చచెప్పుటకు కొంతకాలము పట్టినదనియు తెలిపెను. ఒక తల్లి తన బిడ్డలకు తన రోగమును ఏ మాటలతో చెప్పవలెనా యని వెదకికొనుచున్న దినములలోనే లోకము ఆమెను గూర్చి పందెములు కాచుకొనుచుండెను. ఆమె చికిత్స పొందిన ఆసుపత్రిలోని వారే కొందఱు ఆమె వైద్యపత్రములను చూడ యత్నించిరన్న ఆరోపణ సైతము వచ్చి, ఆ దేశపు సమాచార కమిషనరు కార్యాలయము దానిని పరిశీలింపవలసి వచ్చెను.

"నిప్పు లేనిదే పొగ రాదుగదా" యనుట చాడీకోరులకు అలవాటైన సమాధానము. ఇచట నిప్పున్న మాట నిజమే, అది రోగము. పొగ మాత్రము చూచినవారి నోళ్లలోనుండి వచ్చినది. లోకాపవాదమునకు వెఱచి నిండు గర్భిణిని అడవికి పంపిన కథను తరతరములుగా విని కంటతడి పెట్టుకొను జాతి మనది. ఆ కథ విన్న చెవులతోనే ఈ కబుర్లను వినుటకు మనకు సిగ్గు కలుగవలదా?

పెద్దవారిని గూర్చిన పుకారు పెద్దవారినే బాధించి యూరకుండునని యనుకొనుట పొరపాటు. 2012 డిసెంబరులో ఇదే యువరాణి తొలిచూలుతో నుండి, అధికమైన వాంతులతో లండనులోని ఏడవ ఎడ్వర్డు రాజు ఆసుపత్రిలో చేరెను. డిసెంబరు 4వ తేదీ తెల్లవాఱుజామున ఆస్ట్రేలియాలోని ఒక రేడియో కేంద్రమువారు రాణివలెను, యువరాజు చార్లెసువలెను గొంతులు మార్చి ఆసుపత్రికి ఫోను చేసిరి. ఫోను నెత్తినది భారతదేశమునుండి వెళ్లిన ఒక నర్సు. ఆమె మోసము గ్రహింపక ఆ పిలుపును వార్డులోని మఱియొక నర్సునకు అందించెను. రోగి సంగతులు బయటికి పొక్కెను, రేడియోలో ప్రసారమయ్యెను, లోకము నవ్వెను. మూడు దినములకు ఆ భారతీయ నర్సు ప్రాణములు తీసికొనెను. ఒక మరణమునకు ఒక్కటే కారణమని నిర్ణయించుట ఎవరికిని తగదు. కాని పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెతను ఇంతకంటె నిలువెత్తున చూపు సంగతి మఱియొకటి లేదు. యువరాణి కోలుకొని యిల్లు చేరెను. కూలిపోయినది మాత్రము రాత్రి విధిలోనున్న ఒక కష్టజీవి కుటుంబము.

ఇది కేవలము కుతూహలము కాదు, వ్యాపారము. 1997 ఆగస్టు 31వ తేదీన డయానా పారిసు సొరంగమార్గమున మరణించినప్పుడు ఛాయాచిత్రకారులు ఆమె కారును వెంబడించుచుండిరి. కారు నడిపినవాని ఘోర నిర్లక్ష్యమును, వెంబడించిన వాహనముల ఘోర నిర్లక్ష్యమును ఆ మరణమునకు కారణములని 2008 ఏప్రిలులో జ్యూరీ తేల్చెను. రాజకుటుంబపు సిబ్బంది ఫోను సందేశములను దొంగచాటుగా వినినందుకు "న్యూస్ ఆఫ్ ది వరల్డ్" పత్రికా విలేఖరి 2007లో చెఱసాలకు పోయెను. ఆ దొంగచెవి హత్యకు గురియైన ఒక బడిపిల్ల ఫోనునకు సైతము తగిలినదని 2011లో వెల్లడి కాగా ఆ పత్రికయే మూతపడెను. 2023 డిసెంబరులో లండను హైకోర్టు, హ్యారీ యువరాజు చూపిన 33 వ్యాసములలో 15 అక్రమముగా సేకరించిన సమాచారముతో వ్రాసినవని నిర్ణయించి, మిర్రరు పత్రికా సంస్థ 1,40,600 పౌండ్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. కొనువాడు లేనిదే అమ్మువాడుండడు. ఆ కబుర్లకు కాసు చెల్లించిన ప్రతి పాఠకునకును ఆ పాపములో పాలు గలదు.

అట్లని పత్రికలు నోరు మూసికొని యుండవలెనా? అదియును కాదు. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు సింప్సను దొరసానిని వివాహమాడ నెంచిన సంగతిని అమెరికా పత్రికలు నెలల తరబడి వ్రాయుచుండగా, ఇంగ్లండు పత్రికలు పెద్దమనుష్యుల ఒప్పందముతో మౌనము వహించెను. డిసెంబరు మొదటివారమున మౌనము వీడునప్పటికి వ్యవహారము ముదిరిపోయినది. పదిదినములు తిరుగకమున్నే రాజు గద్దె దిగెను. సింహాసనమునకు సంబంధించిన విషయమును ప్రజలు అందఱికంటె కడపట తెలిసికొనిరి. అది మర్యాద కాదు, దాసబుద్ధి. నాటి దాసబుద్ధియు నేటి చాడీబుద్ధియు ఒక్క తల్లి బిడ్డలే. రెండును రాజును మనుష్యునిగా గాని, ఉద్యోగిగా గాని చూడవు. మొదటిది వేలుపుగా, రెండవది వేడుకగా చూచును.

అడుగవలసిన ప్రశ్నలు వేఱుగా నున్నవి. 2024-25లో 8 కోట్ల 63 లక్షల పౌండ్లుగా నున్న రాజకుటుంబపు ప్రభుత్వ గ్రాంటు 2025-26లో 13 కోట్ల 21 లక్షల పౌండ్లకు ఏల పెరిగినది? ప్రాసాదపు మరమ్మతులకని సమాధానము. ఆ పద్దును పరీక్షించు హక్కు ప్రజలకు గలదు. చార్లెసు యువరాజుగా నుండి మంత్రులకు వ్రాసిన లేఖలను వెల్లడింపుడని "గార్డియన్" పత్రిక 2005లో అడిగినది. పది సంవత్సరములు పోరాడి సుప్రీంకోర్టు తీర్పుపై 2015లో వానిని బయటపెట్టించినది. ఈ పోరు నడుచుచుండగనే రాజునకును, యువరాజునకును సంబంధించిన లేఖలకు సమాచార హక్కు చట్టమునుండి పూర్ణ మినహాయింపు కల్పించిరి. ఎలిజబెత్తు రాణి కాలమున వేయికి పైగా చట్టముల ముసాయిదాలు ప్రాసాదపు సమ్మతికై పోయినవని 2021లో అదే పత్రిక వెల్లడించినది. ఈ సంగతులెఱిగిన మన పాఠకులెందఱు? యువరాణి ఉంగరము ఏ వ్రేలి కున్నదో యెఱిగినవారెందఱు?

ఆండ్రూ విషయమును చూడుడు. ఆయనపై వచ్చినది పుకారు కాదు. ఒక స్త్రీ తన పేరు చెప్పి, న్యాయస్థానమున వేసిన ఫిర్యాదు. ఆయన దానిని నిరాకరించి, తప్పు ఒప్పుకొనకయే 2022లో రాజీచేసికొనెను. ప్రశ్నలు మాత్రము ఆగలేదు. తుదకు 2025 అక్టోబరులో ఆయన బిరుదములను తొలగించుచున్నట్లు ప్రాసాదమే ప్రకటింపవలసి వచ్చెను. పట్టు విడువని విచారణ చేసిన పనిని వేయి పుకార్లు చేయజాలవు. పైగా పుకారు అట్టి విచారణకు అడ్డుపడును. అన్నియు కట్టుకథలే యని నిజమైన దోషియు తప్పించుకొనుటకు త్రోవ చూపును.

కావున మేము చెప్పు గీటురాయి ఇది. ఆ సంగతి ప్రజల ధనమును తాకుచున్నదా? ప్రజల చట్టమును తాకుచున్నదా? మఱియొకరికి జరిగిన అన్యాయమును తాకుచున్నదా? తాకినచో గద్దెమీద నున్నవానినైనను నిలదీయుడు. ఈ మూటిలో దేనిని తాకనిచో అది ఒక యింటి తలుపు. దానిని త్రోయు హక్కు ఎవరికిని లేదు.

ఈ గీటురాయి లండనునకు మాత్రమే కాదు. మన వీథిలో ఒక ఆడుబిడ్డ రెండు నెలలు గడప దాటనిచో ఆమెకు ఎన్ని కథలు అల్లుదుము? ఆ కథలు నేడు చేతిలోని ఫోనుమీద గడియలో ఊరూరును తిరుగుచున్నవి. యువరాణికి ప్రాసాదమును, ప్రకటనలు వ్రాయు ఉద్యోగులును గలరు. మన వీథిలోని ఆడుబిడ్డకు ఎవరున్నారు? పరుల రోగము మన వినోదము కారాదు. ఒకనాడు ఆ కిరీటముతో లెక్కలడిగి పోరాడిన జాతి నేడు దాని పడకగదికి చెవి యొగ్గుట మనకు తగిన పని కాదు. అడుగవలసినచో నేడును లెక్కలే యడుగుదము. మన పాలకులను మఱింత గట్టిగా నడుగుదము.