గెట్‌ను కొట్టేయకండి
విద్యార్థి ఇంగ్లీషు వ్యాసంలో 'గెట్' కనిపిస్తే చాలు, దాన్ని కొట్టేసి 'రిసీవ్' అనో 'అబ్టెయిన్' అనో రాయమనే పద్ధతి నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ రెండూ లాటిన్ మాటలు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాతి కాలంలో ఫ్రెంచి మీదుగా వచ్చాయి. రాజసభలో, న్యాయస్థానాల్లో చెలామణీ అయిన భాష నుంచి వచ్చాయి గనుక వాటికి పెద్దరికం దక్కింది. గెట్ వచ్చిన దారి వేరు. 9వ శతాబ్దంలో తూర్పు, ఉత్తర ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియన్ల 'గెటా' అది. పొందడం, బిడ్డను కనడం, ఊహించడం, ఇవన్నీ ఆ ఒక్క క్రియలోనే ఇమిడి ఉండేవి. పాత ఇంగ్లీషులోనూ దీనికి దాయాది ఉంది, కానీ అది విడిగా కాక 'ఫర్‌గెట్', 'బిగెట్' వంటి మాటల పూర్వరూపాల్లోనే బతికింది. మరచిపోవడమంటే చేతిలోని పట్టు జారిపోవడమని ఆనాటి వాళ్లు భావించారన్నమాట, ఎంత చక్కని ఊహ! ఆ దాయాదిలో 'గ' అప్పటికే 'య'గా మెత్తబడింది. నేడు మనం పలికే గట్టి 'గ' స్కాండినేవియన్ల చలవే. అందుకోవడంతో మొదలైన ఈ క్రియ ఇల్లు చేరడానికీ, జబ్బు పడటానికీ, విషయం బోధపడటానికీ విస్తరించింది. ఇంత పని చేసే మాటను రాయొద్దంటే పిల్లలు బతికున్న ఇంగ్లీషుకే దూరమవుతారు. మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లినవాళ్లు అక్కడ వినే 'గాటెన్' కూడా తప్పు కాదు. బ్రిటన్‌లో చాలావరకు వాడుక తప్పిన పాత రూపమది. అమెరికన్లకు 'హావ్ గాట్' అంటే దగ్గర ఉన్నది, 'హావ్ గాటెన్' అంటే సంపాదించుకున్నది.