ముద్రపడిన పాస్‌పోర్టు

గంజాము తెలుగువారికి సముద్రము దాటుట క్రొత్తగాదు. గోపాలపురపు రేవునుండి పొగయోడలలో రంగూను పోయి, మేస్త్రీ ఇచ్చిన బయానా తీరువరకు మూటలు మోసినవారి మునిమనుమలు నేడును మన వీధులలో నున్నారు. ఆనాడు వారిని కట్టివేసినది అప్పు. నేడు దుబాయి పోవువారిని అప్పును కాగితమును రెండును కట్టివేయుచున్నవి.

పదవ తరగతి తప్పినవాని పాస్‌పోర్టుపై, గల్ఫు మొదలగు కొన్ని దేశములకు ఉద్యోగార్థము పోవుటకు ప్రభుత్వానుమతి కావలెనని ముద్ర యుండును. 1983 నాటి వలసల చట్టము దీనికి మూలము. తల్లిదండ్రులు పలువురు దీనిని అవమానముగా తలంచుచున్నారు. మేమట్లు తలంపము. అనుమతి నిచ్చునపుడు ఒప్పందమును చూతురు; 275 రూపాయలకు రెండేండ్లపాటు పదిలక్షల బీమా కట్టింతురు. ఏజెంటు 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు. చదువు మానిన కుర్రవానికి ఈమాత్రపు కాపుదల మరియెవరు కల్పింతురు?

అయితే ఆ యనుమతి ఉద్యోగపు వీసాకే గాని విజిట్ వీసాకు అక్కరలేదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. “ముందు దీనిపై పొండు, అచ్చట మార్పింతుము” అని ఏజెంటు నమ్మబలుకును. మారనిచో, వాడు పనిచేసిన ప్రతిదినమును నేరమే. జీతమెగవేసిన యజమానిపై ఫిర్యాదు చేయుటకైన నోరు రాదు. సక్రమముగా పోయినవానికిని నివాసపత్రమును పొడిగింపవలసినవాడు యజమానియే. అతడూరకున్నచో, ఏ తప్పును చేయని పనివాడు దొంగవలె దాగవలసివచ్చును. యజమాని సమ్మతి లేకయే పని మారవచ్చునని ఖతారు 2020లో శాసించినది. మంచిదే. కాని ఆ సంగతి పనివానికెవరు చెప్పుదురు? ఒప్పందము అరబ్బీలోను ఇంగ్లీషులోను ఉండును. కావున తెలుగుబడిలో ఇంగ్లీషు తగ్గింపవలెనను మిత్రులతో మేమేకీభవింపము. సంతకమునకు ముందు ప్రతిపంక్తిని చదివి, ఇంటిల్లిపాదికిని తెలుగున విప్పిచెప్పగల బిడ్డలు మాకు కావలెను.

ఇంకొకటి కలదు, చిన్నదిగా తోచును. మన పిల్లల ఇంటిపేర్లు బడిపట్టికలో పొడియక్షరములుగా మిగిలిపోవుచున్నవి. ఒడియా ఉచ్చారణముచే వాసుదేవరావు ఒకచోట బాసుదేబరావగుచున్నాడు. ధ్రువపత్రమున నొకటి, పాస్‌పోర్టున నొకటి యైనచో, వానిని కలుపుటకు ఎన్ని కార్యాలయముల గడప త్రొక్కవలెనో అనుభవించినవారికే తెలియును. తొమ్మిదవ తరగతిలో బోర్డుకు పేర్లు పంపకమునుపే తల్లిదండ్రులు ఒకమారు బడికి వచ్చి, ఇంటిపేరు పూర్తిగా నున్నదో లేదో తమ కన్నులతో చూచుకొనవలెను. చదువురానివారికి మేము చదివి వినిపింతుము.