నల్ల తెరంటే భయమెందుకు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాయవచ్చు. ఆ మాటలు మనకు వార్డెన్ సార్లు చెబుతూనే ఉంటారు. నేను మాత్రం కంప్యూటర్‌లో రెండే రెండు అక్షరాలున్న ఒక కమాండు గురించి రాస్తున్నాను. దాని పేరు ఎల్ఎస్. 'లిస్ట్' అనే మాటకు పొట్టి రూపం. లినక్స్ కంప్యూటర్‌లో నల్ల తెర తెరిచి ఎల్ఎస్ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే, మనమున్న ఫోల్డరులో ఏమేమి ఉన్నాయో పేర్లన్నీ వరుసగా చూపిస్తుంది. విండోస్‌లో ఇదే పని చేసే కమాండు డిఐఆర్.

ఇంతేనా అనిపించవచ్చు. అవును, ఇంతే. అయినా మన హాస్టల్ పిల్లలకు కంప్యూటర్ నేర్పేటప్పుడు పెయింట్‌లో పువ్వు గీయించడంతోనో, పవర్ పాయింట్‌తోనో కాక, ఈ కమాండుతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

2024లో మన హాస్టల్‌లోనే చదువుకున్న ఒక తమ్ముడు రాత్రిపూట నాకు ఫోన్ చేశాడు. బి.ఏ. చివరి సంవత్సరం. వాళ్ల ఊరి కూలీల వలసల మీద ఇంటింటికీ తిరిగి ప్రాజెక్టు రిపోర్టు రాశాడు. ప్రింటు తీయించడానికి జెరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టాడు. తిరిగి తెరిస్తే అందులో ఒక్క షార్ట్‌కట్ తప్ప ఏమీ లేదు.

"అన్నా, మొత్తం పోయింది. ఫార్మాట్ కొట్టాలంటున్నాడు. రేపే సబ్మిషన్" అన్నాడు. ఏడుపు గొంతులో ఉంది.

"ఫార్మాట్ మాత్రం కొట్టనివ్వకు. పెన్‌డ్రైవ్‌లో ఎంత నిండినట్టు చూపిస్తోంది?" అని అడిగాను.

"నిండా ఉన్నట్టే చూపిస్తోందన్నా. తెరిస్తే ఏమీ లేదు."

నిండా ఉన్నదంటే పోలేదన్నమాట. కనబడటం లేదు, అంతే. నల్ల తెర తెరిపించి, పెన్‌డ్రైవ్ అక్షరం కొట్టించి, డిఐఆర్ తర్వాత ఖాళీ వదిలి వాలుగీత, ఎ అని టైపు చేయించాను. దాచిన వాటితో సహా అన్నీ చూపించు అని దాని అర్థం. ఎంటర్ నొక్కగానే ఒక్కొక్క పేరూ వచ్చింది. వాడి రిపోర్టు, ఫొటోలు, అన్నీ. ఆ వైరస్ ఫైళ్లను చెరపలేదు. 'ఇది దాచినది', 'ఇది సిస్టమ్‌ది' అని వాటికి రెండు గుర్తులు తగిలించి, వాటి స్థానంలో తన షార్ట్‌కట్ పెట్టింది. మామూలుగా ఫోల్డరు తెరిస్తే ఆ గుర్తులున్నవి కనబడవు. అట్రిబ్ అనే ఇంకో కమాండుతో ఆ గుర్తులు తీయించాను. పది నిమిషాల పని. ఆ షాపతను చెడ్డవాడు కాదు. అతనికి కూడా ఎవరూ నేర్పలేదు.

ఆ రాత్రి నాకొక విషయం అర్థమైంది. లేనిదానికీ కనబడనిదానికీ తేడా తెలియకపోతే, చేతిలో ఉన్నదాన్ని మనమే చెరిపేసుకుంటాం.

ఈ కమాండు పుట్టుక కూడా తెలుసుకోదగినదే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్స్ తయారు చేయడం మొదలుపెట్టారు. 1971 నవంబరులో వచ్చిన దాని మొదటి మాన్యువల్‌లోనే ఎల్ఎస్ ఉంది. అప్పట్లో వాళ్లు ఎక్కువగా పని చేసింది తెర మీద కాదు. టెలిటైప్ అనే యంత్రం కాగితం మీద సెకనుకు 10 అక్షరాల చొప్పున కొట్టేది. మీటలు గట్టిగా నొక్కాల్సి వచ్చేది. అందుకే కమాండ్ల పేర్లు అంత పొట్టిగా పెట్టుకున్నారు. మనల్ని భయపెట్టడానికి కాదు, వాళ్ల వేళ్లు నొప్పి పెట్టకుండా.

ఇంకొక సంగతి. లినక్స్‌లో పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్లు మామూలు ఎల్ఎస్‌కు కనబడవు. ఎల్ఎస్ తర్వాత ఖాళీ, అడ్డగీత, ఎ కొడితేనే కనబడతాయి. ఇదేదో గొప్ప రహస్య ఏర్పాటు అనుకున్నాను. కాదట. ప్రతి ఫోల్డరులో చుక్క, రెండు చుక్కలు అనే రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఈ ఫోల్డరుకే గుర్తు, రెండోది దీని పై ఫోల్డరుకు. జాబితాలో ఆ రెండూ రాకూడదనుకున్న వ్యక్తి పూర్తి పేరు సరిచూడకుండా, చుక్కతో మొదలైతే వదిలెయ్ అని రాసేశాడు. దాంతో చుక్కతో మొదలైన ప్రతి పేరూ జాబితాలో రాకుండా పోయింది. యూనిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ సంగతి రాశారు. ఒకరు పని తేలిక చేసుకోవడానికి రాసిన ఒక్క వాక్యం ఇన్నేళ్లుగా ఎన్నో పేర్లను జాబితాకు ఆవల ఉంచింది.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఇళ్ల స్థలాల జాబితా కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ "లిస్టులో నీ పేరు లేదు" అన్నారు. నాన్న చదువుకోలేదు. లేదంటే లేదనుకుని, కూలి పోగొట్టుకుని ఇంటికి వచ్చాడు. నేను ఇంటర్ సెలవులకు వచ్చినప్పుడు తోడు వెళ్లి, "సార్, ఆ లిస్టు ఒకసారి చూపించండి" అన్నాను. విసుక్కుంటూనే ఇచ్చారు. మా వీధి పేజీలో నాన్న పేరు నిజంగానే లేదు. పక్క వీధి పేజీలో ఉంది. ఎవరో ఎక్కించేటప్పుడు వరుస తప్పారు. పేరు పోలేదు, మాకు కనబడలేదు. మనలో చాలామంది ఇళ్లలో ఈ 'లిస్టులో లేదు' అనే మాట వినే ఉంటారు. జాబితా చూపించమని అడగడానికి మనకు 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అడగాలన్న ఆలోచన రావడానికి మాత్రం అలవాటు కావాలి. ఎల్ఎస్ నేర్పే అలవాటు అదే. ఎవరో చెప్పింది నమ్మక, ముందు జాబితా చూడటం.

మన మెస్ స్టాకు రిజిస్టరు చూశారు కదా. సరుకు పేరు, ఎంత, ఏ తేదీ, ఎవరి సంతకం. ఎల్ఎస్ తర్వాత ఖాళీ, అడ్డగీత, ఎల్ కొడితే అచ్చం అటువంటి పట్టికే వస్తుంది. ఫైలు పేరు, సైజు, చివరగా మార్చిన తేదీ, యజమాని ఎవరు. అన్నిటికంటే ముందు పది గుర్తుల వరుస ఒకటి ఉంటుంది. మొదటి గుర్తు అది ఫైలా, ఫోల్డరా చెబుతుంది. మిగతా తొమ్మిదీ మూడేసి చొప్పున మూడు భాగాలు: యజమానికి, గుంపుకు, ఇతరులకు. ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు నడపవచ్చు అని ఒక్కొక్కరికి విడివిడిగా రాసి ఉంటుంది. మనం చాలాచోట్ల 'ఇతరులు' భాగంలోనే ఉంటాం. కనీసం మనకు ఏ అనుమతి ఉందో, ఏది లేదో చదవగలగాలి కదా.

చెరిపేసే కమాండు ఆర్ఎం కూడా రెండక్షరాలే. నల్ల తెర మీద దానితో చెరిపింది రీసైకిల్ బిన్‌లోకి పోదు, పోతే పోయినట్టే. అందుకే తెలిసినవాళ్లు ఏ ఫైళ్లు చెరపాలనుకుంటున్నారో వాటిని ముందు ఎల్ఎస్‌తో చూసుకుంటారు. ముందు చూడటం, తర్వాతే చేయడం.

కొందరు మిత్రులు నాతో వాదించారు. "మనవాళ్లకు కావలసింది ఉద్యోగం. ఎక్సెల్, టాలీ నేర్పితే చాలు. ఈ నల్ల తెర ఇంజనీరింగ్ వాళ్లకు" అన్నారు. ఎక్సెల్ వద్దని నేననను, తప్పక నేర్చుకోవాలి. కానీ మనకు ఎప్పుడూ 'ఇది చాలు' అనే చదువే ఎందుకు? ఎంట్రీ కొట్టే పని మనది, యంత్రం లోపల ఏముందో చూసే పని ఇంకొకరిది అని ముందే గీత గీసుకోవడం కాదా ఇది? పెద్ద పెద్ద సర్వర్లను నడిపేవాళ్లు సాధారణంగా దూరం నుంచి కమాండ్లతోనే పని చేస్తారు. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆ గదుల్లోకి వెళ్లేవాడు మొదట కొట్టేది కూడా ఈ రెండక్షరాలే.

ఇంగ్లీషు రాదని భయమా? నేను పది దాకా తెలుగు మీడియమే. ఎల్ఎస్‌కు వ్యాకరణం లేదు, ఉచ్చారణ లేదు. తప్పు కొడితే తప్పని చెబుతుంది, నవ్వదు. ఫైలుకు తెలుగులో పేరు పెట్టినా జాబితాలో తెలుగులోనే చూపిస్తుంది.

కంప్యూటర్ లేదా? చాలామంది చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేది లినక్సే. టెర్మక్స్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. అది వేసుకుని ఎల్ఎస్ కొట్టండి. మొదటిసారి ఏమీ రాకపోవచ్చు. కంగారు పడకండి, ఆ ఫోల్డరులో మీరింకా ఏ ఫైలూ పెట్టలేదు. ఖాళీ అని తెలియడం కూడా ఒక జవాబే.

చివరగా మూడు విన్నపాలు. ఒకటి, హాస్టళ్లలో పాతబడి, నెమ్మదించి మూలకు చేరిన కంప్యూటర్లను పారేయకుండా వాటిలో లినక్స్ వేయాలి. అది ఉచితం, పాత యంత్రాల మీద కూడా నడిచే రకాలున్నాయి. రెండు, ఆదివారం ఒక గంట పై తరగతివాళ్లు కింది తరగతివాళ్లకు నేర్పాలి. మూడు, ఉద్యోగాల్లో ఉన్న అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువా కప్పించుకుని వెళ్లిపోకుండా, ఒక పూట ఆ కంప్యూటర్ల ముందు పిల్లలతో కూర్చోవాలి. మొదటి ఆదివారానికి నేను వస్తాను.

నాన్నకు ఆ రోజు జాబితాలో తన పేరు వేలుపెట్టి చూపించాను. ఆ అక్షరాలను చాలాసేపు తడిమి చూశాడు. తమ్ముళ్లూ, ఏ పని మొదలుపెట్టినా, ఎవరేం చెప్పినా, ముందు జాబితా చూపించమనండి.

జై భీమ్.

- ఎం.సి.ఎ. విద్యార్థి, మన హాస్టల్ పూర్వ విద్యార్థి