వ్రాతయే సాక్షి

గుంటూరు జిల్లాలోని దుగ్గిరాల పసుపు వ్యాపారమునకు పేరొందిన ఊరు. తెలుగువారి ఇండ్లలో పసుపు వంటకును పూజకును మాత్రమే గాక మందుగాను ఉపయోగపడుచున్నది. దెబ్బ తగిలి నెత్తురు కారుచోట పసుపు అద్దవలెనని పసిపిల్లలకు సైతము తెలియును. ఇట్టి పసుపుపై 1995వ సంవత్సరమున అమెరికా దేశపు పేటెంటు కార్యాలయము మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు ఒక పేటెంటు నొసగెను. పసుపుతో గాయములను మాన్పుట క్రొత్తగా కనుగొన్న విధానమని ఆ హక్కుపత్రపు సారాంశము.

పేటెంటు అనగా, క్రొత్త వస్తువునుగాని పద్ధతినిగాని కనిపెట్టినవారికి ప్రభుత్వము కొంతకాలము వరకు ఇచ్చు ప్రత్యేకమైన హక్కు. వారి అనుమతి లేనిదే ఆ దేశమున ఇతరులు దానిని తయారుచేయరాదు, అమ్మరాదు. శ్రమపడి కనిపెట్టినవానికి ఇట్టి ప్రతిఫలము లభించుట న్యాయమే. కాని క్రొత్తదనము లేనిచోట ఆ హక్కునకు పునాదియే లేదు.

భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో ఈ పేటెంటును ఎదిరించెను. ఇంటింట అవ్వలు చేయు వైద్యమని చెప్పినంత మాత్రమున అచ్చట చెల్లదు. అప్పటి అమెరికా చట్టము ప్రకారము పరదేశములందలి నోటిమాటయు వాడుకయు ప్రమాణములు కావు. అచ్చులో వెలువడిన ఆధారము కావలెను. అందుచే మండలి సంస్కృత, హిందీ, ఉర్దూ గ్రంథములను, 1953లో భారతీయ వైద్య సంఘపు పత్రికలో ప్రకటితమైన ఒక వ్యాసమును, మొత్తము 32 ఆధారములను సమర్పించెను. 1997లో పేటెంటు కార్యాలయము ఆ హక్కులను త్రోసిపుచ్చెను. న్యాయము మొదటినుండియు భారతీయుల పక్షముననే యుండెను. కాని దానిని గెలిపించినది వ్రాత.

వేప కథ ఇంతకంటె దీర్ఘమైనది. వేపనూనెతో పైరుల బూజు తెగుళ్లను అరికట్టు పద్ధతిపై ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో అమెరికా వ్యవసాయ శాఖకును డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను కంపెనీకిని పేటెంటు ఇచ్చెను. వందనా శివ మొదలగువారు 1995లో దానిపై అభ్యంతరము తెలిపిరి. 2000లో ఆ పేటెంటు రద్దయ్యెను. కంపెనీ పక్షము అప్పీలు చేయగా, 2005 మార్చి 8న అదియు కొట్టివేయబడెను. వేపచెట్టు నీడలో పుట్టి పెరిగిన జాతి, వేప గుణము తనకు ముందే తెలియునని ఒప్పించుటకు పదేండ్లు పట్టెను!

ఈ అనుభవమువలన ప్రభుత్వము 2001లో సాంప్రదాయిక విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును ఆరంభించెను. ఆయుర్వేద, యునాని, సిద్ధ వైద్య గ్రంథములలోని యోగములను ఇందు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలో పొందుపరచిరి. 2009 నుండి ఐరోపా కార్యాలయపు పరీక్షకులకు దీనిని చూచు వీలు కలిగెను. పేటెంటు ఇచ్చిన పిదప పోరాడుటకంటె, ఇయ్యకముందే ఆధారము చూపుట మేలు గదా!

అయినను ఈ గ్రంథాలయమునకు చేరినది పూర్వులు గ్రంథస్థము చేసిన విద్యయే. తెలుగునాట వెలసిన బసవరాజీయము వంటి వైద్యగ్రంథములు వ్రాతలో నుండుటచే నిలిచినవి. పల్నాటి ప్రత్తి చేలలోను, ప్రకాశము జిల్లా మిరపతోటలలోను పురుగునకు చల్లు వేపగింజల కషాయమునకు కూడ నేడు వ్రాతయందు కొలత కలదు: అయిదు కిలోల గింజల పొడికి నూరు లీటర్ల నీరు. కాని పశువు కడుపు ఉబ్బినప్పుడు ఏ గట్టుమీది ఆకును నూరిపోయవలెనో, తేలు కుట్టినప్పుడు ఏ వేరును అరగదీయవలెనో ఎరిగిన ముదుసలుల విద్య పెక్కుచోట్ల నాలుకపైననే యున్నది. వారితోపాటు అదియు పోవుచున్నది.

వ్రాసియుంచినచో దొంగలకు దారి చూపినట్లు కాదా యని కొందరు శంకింతురు. ఆ భయము నిరాధారము కాదు. అందుకే ఎవరు చూడవచ్చునో, ఎవరు చూడరాదో కట్టుబాటు ఉండవలెను. కాని దాచిన విద్య దాచినవానితోనే మట్టిలో కలియును. పిమ్మట ఎవడో దానిని తనదనిన, కాదనుటకు సాక్షియే యుండడు.

మరియొక సంగతి మరువరాదు. ఒక మందు పూర్వమునుండి కలదని వ్రాత నిరూపించును. అది రోగమును కుదుర్చునని మాత్రము నిరూపింపదు. తేలు కుట్టినవానిని ఆసుపత్రికే కొనిపోవలెను. వేరు పేరును పుస్తకమున వ్రాయుట వేరు, వేరును నమ్మి ప్రాణము పోగొట్టుకొనుట వేరు. గుణదోషములను తేల్చునది పరీక్ష.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి గ్రామపంచాయతీ పరిధిలోను ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. ఊరి చెట్లు, చేమలు, వానిని గూర్చి ఊరివారెరిగిన సంగతులు అందు చేరవలెను. ఈ పని ఉద్యోగులవలన మాత్రమే కాదు. ఊరి పెద్దలను వినయముతో అడిగి, వారి సమ్మతితో, చెట్టు పేరు, వాడు భాగము, వాడు తీరు, చెప్పినవారి పేరు, తేదీ తప్పక వ్రాసి పంచాయతీకి అందింపగల విద్యార్థులు ప్రతి పాఠశాలలోను కలరు. చదువు నేర్చిన చేతికి ఇంతకంటె తగిన పని యేమి గలదు?